114 వెళ్లి 126ను పలకరిస్తే...

220, 284 జంట గురించి చాలామంది వినే ఉంటారు. 220ని శేషం లేకుండా భాగించే సంఖ్యల్లో 220ని వదిలేసి మిగతావన్నీ కూడితే 284 వస్తుంది, 284కు అలాగే చేస్తే 1, 2, 4, 71, 142 కలిసి మళ్లీ 220. వీటిని స్నేహ సంఖ్యలంటారు. అనంతపురంలో నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది చెబితే ముందు మురిసిపోతారు, వెంటనే "ఇంకొకటి చెప్పు సా" అంటారు. ఆ తర్వాతిది 1184, 1210. తొమ్మిదో శతాబ్దంలోనే థాబిత్ ఇబ్న్ ఖుర్రా అనే గణితవేత్త ఇలాంటి జంటలకు సూత్రం ఇచ్చాడు, పద్దెనిమిదో శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పదుల కొద్దీ జంటలు పట్టాడు, అయినా ఇంత చిన్న జంట వాళ్లందరి కళ్లుగప్పి 1866లో పాగనీనీ అనే 16 ఏళ్ల ఇటలీ కుర్రాడికి దొరికింది. (పేరున్న వయొలిన్ విద్వాంసుడు పాగనీనీ వేరే, ఆయన అప్పటికే పోయాడు.)

నాకైతే వీటన్నిటికన్నా 114 మీదే మనసు. దాని భాజకాలు 1, 2, 3, 6, 19, 38, 57 కూడండి, 126 వస్తుంది. సరే, ఇప్పుడు 126 దగ్గరికి పోతే అది 114 వైపు చూడనే చూడదు, భాజకాలు కూడితే 186! పాపం, ఒకవైపు ప్రేమ.

ఇక్కడే యూనిటరీ భాజకాలు పనికొస్తాయి. భాజకాన్ని, భాగిస్తే వచ్చిన ఫలితాన్ని పక్కపక్కన పెడితే రెండింటికీ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండకూడదు, అంతే షరతు. 126 అంటే 2×3×3×7 కదా, దాన్ని 3తో భాగిస్తే 42, అందులోనూ 3 ఉంది, కాబట్టి 3 చెల్లదు. ఆ రెండు 3లూ చెప్పుల జత లాంటివి, తీసుకుంటే రెండూ తీసుకోవాలి, లేదంటే రెండూ వదిలేయాలి. అలా 3, 6, 21, 42 ఎగిరిపోతే మిగిలేవి 1, 2, 7, 9, 14, 18, 63. కూడితే సరిగ్గా 114! 114లో ఏ ప్రధాన సంఖ్యా రెండుసార్లు రాదు కాబట్టి దాని మొత్తం 126 అలాగే ఉంటుంది. జంట కుదిరింది. ఇదే షరతు 220కి పెడితే మొత్తం 140కి పడిపోతుంది, పేరుమోసిన స్నేహం కాస్తా చెడుతుంది. సిలబస్‌లో లేదని వదిలేస్తారు గానీ, ఒక పీరియడ్ దీనికి ఇస్తే కారణాంకాల లెక్కలు పిల్లలు తామే అడిగి మరీ చేస్తారు.

ఇంకో రకం ఉంది, అసలు సంఖ్యతో పాటు 1ని కూడా లెక్కలోంచి తీసేయడం. అప్పుడు 48కి 2, 3, 4, 6, 8, 12, 16, 24 కలిసి 75; 75కి 3, 5, 15, 25 కలిసి 48. వీటిని నిశ్చితార్థ సంఖ్యలు అనొచ్చు. తమాషా ఏమిటంటే ఇప్పటిదాకా దొరికిన ఈ రకం జంటలన్నిటిలో ఒకటి సరి సంఖ్య, ఒకటి బేసి సంఖ్య. మామూలు స్నేహ సంఖ్యల్లో మాత్రం అలాంటి జంట ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు, ఉండదని ఎవరూ నిరూపించనూ లేదు.