మెయిల్ చదివేవాళ్ళు వేరు, తుపాకీ విప్పేవాళ్ళు వేరు

ముందే చెప్పేస్తాను, ఇది లైసెన్సు తుపాకీ గొడవ కాదు. కొత్తగా కొన్న ఎయిర్ రైఫిల్‌ని కంపెనీ చేత బాగుచేయించుకున్న గొడవ. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం కొలత 4.5 మిల్లీమీటర్లు, గుండు బయటికొచ్చే శక్తి 20 జౌల్స్ దాటకపోతే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. దుకాణంలో ఆధార్ కాపీ తీసుకుని బిల్లు ఇచ్చారు, అంతే. మా మేనమామ మాత్రం దీన్ని పిట్టల తుపాకీ అనే అంటాడు. పిట్టల్ని కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది మామా అంటే, "మరి గన్ని పైసలు పోసి ఎందుకు కొన్నవ్‌రా, కాయితాలు కొట్టనీకా?" అని నవ్వుతాడు. అవును, కాయితాలు కొట్టడానికే.

హైదరాబాద్‌లో ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు పతకం తెచ్చాక ఈ ఊళ్ళో రైఫిల్ పట్టుకోవాలని ముచ్చటపడ్డవాళ్ళు చాలామందే ఉంటారు. కాకపోతే ఆ స్థాయిలో వాడే జర్మనీ మ్యాచ్ రైఫిళ్ళ ధర లక్షల్లో ఉంటుంది, మన జేబు అంత లోతు కాదు. అందుకని మన దేశంలోనే తయారైన ఒక స్ప్రింగ్ రైఫిల్ కొన్నాను, గొట్టాన్ని వంచి స్ప్రింగ్‌ని బిగించే రకం. కంపెనీ పేరు రాయను. ఎందుకంటే ఇలాంటి అనుభవం ఏ కంపెనీతో అయినా రావచ్చు, పైగా నా గొడవ ఇంకా పూర్తిగా తెగలేదు.

కాటేదాన్‌లో మా ఫ్రెండ్ వాళ్ళ గోడౌన్ ఉంది, ఆదివారాలు ఖాళీ. గోడకి మందపాటి ఇనుప రేకు పెట్టె, దానిమీద టార్గెట్ కాగితం, వెనక ఇంకెవరూ వచ్చే దారి లేదు. పది మీటర్ల నుంచి ఐదు గుళ్ళు కొడితే, ఇలాంటి రైఫిల్‌కి అవన్నీ రూపాయి బిళ్ళ కింద దాక్కోవాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాగితంలో నల్లటి వృత్తం అడ్డంగా 30.5 మిల్లీమీటర్లు, మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. ఆ చుక్క నాకెలాగూ దొరకదు, దాని గురించి నాకు బాధ లేదు. కానీ నావి నల్లటి వృత్తం దాటి తెల్ల కాగితం మీదికి పోతున్నాయి, అదీ ఒకే వైపు కాదు, ఒకటి పైకి, ఒకటి కుడికి, ఒకటి ఎక్కడికో. ఒకే వైపు పోతే స్కోప్ (గురి చూసే దుర్బిణి) తిప్పుకుని సరిచేసుకోవచ్చు. చెల్లాచెదురుగా పోయేదాన్ని స్కోప్ ఏం చేస్తుంది?

కంపెనీకి ఫోన్ చేస్తే మొదటి జవాబు, "కొత్తది కదా సార్, కొన్ని వందల షాట్లు కొట్టాక సెట్ అవుతుంది." ఇందులో నిజం లేకపోలేదు. కొత్త స్ప్రింగ్ రైఫిల్‌లో ఫ్యాక్టరీలో పూసిన నూనె, గ్రీజు మిగిలి ఉంటాయి, పిస్టన్ గాలిని నొక్కినప్పుడు ఆ వేడికి అవి అంటుకుని పొగ, కమురు వాసన వస్తాయి, వేగం ఒక్కో షాట్‌కి ఒక్కోలా ఉంటుంది. అది తగ్గేదాకా ఆగాలి, ఆగాను. పొగ పోయింది, వాసన పోయింది, చెదరడం మాత్రం పోలేదు.

రెండో జవాబు, "మీరు పట్టుకోవడంలో ఉంటుంది సార్." ఇందులోనూ నిజం ఉంది, అదే చిరాకు. స్ప్రింగ్ రైఫిల్ ముందు వెనక్కి తంతుంది, వెంటనే పిస్టన్ చివరికి కొట్టుకుని ముందుకి తంతుంది, ఇదంతా గుండు ఇంకా గొట్టంలో ఉండగానే మొదలవుతుంది. అందుకే దాన్ని బిగించి పట్టుకోకూడదు, అరచేతి మీద వదులుగా ఆనించి దాని ఆట దాన్ని ఆడనివ్వాలి. మా షూటింగ్ రేంజ్‌లో పాతికేళ్ళుగా ఇదే పనిలో ఉన్న ఒక సీనియర్ ఉన్నారు, ఆయన చేతికిచ్చాను. ఆయన కొట్టినా అంతే. "తమ్మీ, నీ చెయ్యి మంచిదే, దీని మూతే బాలేదు" అన్నారు. అప్పటికి ఆయన సరదాకి అన్నారనుకున్నాను.

ఇక ఒక్కో అనుమానాన్నీ కొట్టేసుకుంటూ వచ్చాను. స్టాక్ (భుజానికి ఆనించే భాగం) స్క్రూలు బిగించాను, ఈ రకంలో అదురుకి అవే ముందు వదులవుతాయి. స్కోప్ తీసేసి రైఫిల్ మీదే ఉండే మామూలు గురి గుర్తులతో కొట్టాను, అప్పుడూ అంతే, అంటే తప్పు స్కోప్‌ది కాదు. పెల్లెట్లు, అంటే గుళ్ళు మార్చాను, తేలికవి, బరువువి, తలకాయ గుండ్రంగా ఉన్నవి, బల్లపరుపుగా ఉన్నవి. గొట్టం వంగే చోట సీలు దగ్గర పల్చటి టిష్యూ కాగితం ముక్క పెట్టి కొట్టాను, గాలి అక్కడ లీకైతే కాగితం ఎగురుతుంది. కదల్లేదు. చివరికి ఆ సీనియర్ చెప్పినట్టు చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని గొట్టం మూతి లోపలి అంచు చుట్టూ మెల్లగా తిప్పాను. ఒక చోట దూది పోగులు పట్టుకుని ఆగిపోయాయి. మళ్ళీ తిప్పితే మళ్ళీ అక్కడే. టార్చి వేసి చూస్తే ప్లాస్టిక్ తొడుగు లోపల, అంచు మీద చిన్న ఇనుప ముల్లు.

ఆ అంచుని క్రౌన్ అంటారు. గుండు గొట్టాన్ని వదిలే ఆఖరి క్షణంలో దాని వెనకున్న గాలి చుట్టూ సమానంగా బయటికి పోవాలి. ఒక పక్క ముల్లు ఉందంటే గాలి ఒక పక్క ముందుగా, ఒక పక్క ఆలస్యంగా పోతుంది, గుండు వెనకభాగాన్ని కొద్దిగా పక్కకి నెడుతుంది. పెల్లెట్ వెనక అంచు మెత్తటి సీసం, పల్చగా ఉంటుంది, ఆ ముల్లు తగిలి గీసుకుపోయినా చాలు. ఇంత గొట్టంలో ఎక్కడ గీత పడ్డా కొంత సర్దుకుపోవచ్చేమో గానీ మూతి దగ్గర తప్పుంటే అంతా పోయినట్టే.

లేత్ ఉన్నవాడు పది నిమిషాల్లో దాన్ని సాపు చేస్తాడు. బాలానగర్‌లో అలాంటి వర్క్‌షాపులు కావలసినన్ని. చాలామంది ఫ్రెండ్స్ అదే చెప్పారు. నేను ఒప్పుకోలేదు. బయటివాళ్ళ చెయ్యి పడితే వారంటీ పోతుందని కార్డు మీద రాసి ఉంది, పైగా కొత్త వస్తువు తప్పుగా తయారుచేసింది వాళ్ళు, దాన్ని నా డబ్బుతో నేను బాగుచేయించుకోవడం ఏంటి? ఇది మొండితనం అనుకుంటే అనుకోండి.

మెయిల్ రాశాను. బిల్లు, సీరియల్ నంబర్, టార్గెట్ కాగితాల ఫోటోలు, ఏ పెల్లెట్‌తో కొట్టానో, దూది పుల్ల వీడియో, అన్నీ పెట్టాను. పంపమన్నారు. ఇక్కడ మొదలైంది అసలు టెన్షన్. మా వీధి కొరియర్ వాడు రైఫిల్ అన్న మాట వినగానే చేతులు ఊపేశాడు. అఫ్జల్‌గంజ్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల దగ్గరికి పోయాను.

"సామానేందన్నా?"

"ఎయిర్ రైఫిల్. రిపేరుకి కంపెనీకి పోతోంది."

"గన్నా? వద్దన్నా, మల్ల చెక్‌పోస్ట్ కాడ మాకు లొల్లి. పైపు అని రాస్కో, వేసేస్త."

పైపు అని రాయడం తేలికే. కానీ దారిలో పోతే పైపు ధరే ఇస్తారు, ఎవరైనా విప్పి చూస్తే అబద్ధం రాసింది నేనవుతాను. పక్క ఆఫీసులో ఒక పెద్దాయన కాగితాలన్నీ ఓపిగ్గా చదివాడు. బిల్లు కాపీ, ఆధార్ కాపీ, కంపెనీ పంపమన్న మెయిల్ ప్రింటు, 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్, లైసెన్సు అవసరం లేని రకం అని నేను రాసిచ్చిన కాగితం. రసీదు మీద ఉన్నది ఉన్నట్టే రాశాడు. ధర యాభై వేల లోపే కాబట్టి ఈ-వే బిల్లు అక్కర్లేదు. ప్యాకింగ్ మాత్రం కంపెనీ అట్టపెట్టె, థర్మోకోల్ పారేయకుండా ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది. స్కోప్ ఊడదీసి ఇంట్లోనే పెట్టుకున్నాను, స్ప్రింగ్ బిగించి లేదని, గొట్టంలో గుండు లేదని చూసుకుని వీడియో తీసి మూట కట్టాను.

(పీసీపీ రైఫిల్, అంటే సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే రకం ఉన్నవాళ్ళకి ఒక ముక్క. సిలిండర్‌లో గాలి ఉండగా ఎక్కడికీ పంపకండి. నిండుగా ఉంటే అందులో ఒత్తిడి 200 బార్, అంతకంటే ఎక్కువ కూడా ఉండొచ్చు, గాలి నింపిన సిలిండర్‌ని మామూలు పార్సిల్‌లా కొరియర్ విమానంలో ఎక్కించరు.)

రైఫిల్ తిరిగొచ్చింది. పెట్టెలో ఒక చీటీ, "స్ప్రింగ్, పిస్టన్ సీల్ మార్చబడినవి. ఓకే." నేను అడగనివి రెండూ మార్చారు, అడిగింది ముట్టుకోలేదు. దూది పుల్ల మళ్ళీ అక్కడే పట్టుకుంది. కోపం వచ్చింది, ఆ తర్వాత అర్థమైంది. స్ప్రింగ్ రైఫిల్‌లో ఎక్కువగా పాడయ్యేవి ఆ రెండే. ఇంకేమీ తెలియని మెకానిక్ వాటినే మారుస్తాడు, టక్కున పేలిందా లేదా చూస్తాడు, ఓకే అని రాస్తాడు. నా మెయిల్, ఫోటోలు, వీడియో అన్నీ కస్టమర్ కేర్ అమ్మాయి కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి. వర్క్‌షాపు బల్ల మీదికి వెళ్ళింది రైఫిల్ ఒక్కటే, దానికి నోరు లేదు.

అందుకని మళ్ళీ పంపినప్పుడు గొట్టానికి ఒక అట్టముక్క కట్టాను. హిందీలో, పెద్ద అక్షరాలతో, మూతి అంచు మీద ముల్లు ఉంది, దూదితో చూడండి, స్ప్రింగ్ బాగానే ఉంది, బాగుచేశాక పది మీటర్ల నుంచి ఐదు షాట్లు కొట్టి ఆ కాగితం ఇదే పెట్టెలో పెట్టండి అని. కింద నా ఫోన్ నంబర్. ముల్లు ఉన్న వైపు ప్లాస్టిక్ తొడుగు మీద తెల్ల పెన్నుతో బాణం గుర్తు. ట్రిగ్గర్ దగ్గర రబ్బరు బ్యాండుతో నా చెదిరిన టార్గెట్ కాగితం ఒకటి. ఈసారి రవాణా ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలని ముందే మెయిల్‌లో ఒప్పించి టు-పే మీద బుక్ చేశాను.

వాళ్ళు ఒప్పుకోవడానికి నేను పెద్దగా పోట్లాడలేదు, చట్టం గురించి మర్యాదగా ఒక పేరా రాశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే ఊళ్ళోనే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, కొన్న ధర ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ గడువు ఉంటుంది. దానికంటే ముందు 1915 హెల్ప్‌లైన్ ఉంది. ఇవన్నీ తెలిసిన మనిషి అని అవతలివాళ్ళకి తెలిస్తే గొంతు మారుతుంది, నాకు మారింది.

కొన్నాళ్ళకి వర్క్‌షాపు నుంచే ఫోన్ వచ్చింది. కస్టమర్ కేర్ కాదు, పని చేసే మనిషి. ఆ అట్టముక్క చూసి చేశాడట. మూతి కోసేటప్పుడు మిగిలిపోయిన ముల్లు అది, దానిమీద ప్లాస్టిక్ తొడుగు ఎక్కించేస్తారు కాబట్టి తర్వాత ఎవరికీ కనపడదు అన్నాడు. మరి ప్రతి రైఫిల్‌నీ కాగితం మీద కొట్టి చూడరా భాయ్ అని అడిగితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "వేగం చూస్తాం సార్" అన్నాడు. వేగం బాగుంటే గుండు ఎటు పోయినా పాసే అన్నమాట. డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చేసి అమ్మేది కూడా ఆ వేగాన్నే కదా. సాపు చేసి ఇవ్వమంటారా, గొట్టమే మార్చమంటారా అన్నాడు. మార్చమన్నాను.

కొత్త గొట్టంతో వచ్చింది, పెట్టెలో ఐదు చిల్లుల కాగితం కూడా ఉంది. గోడౌన్‌లో కొట్టి చూశాను, నా చేతిలో వాళ్ళ కాగితమంత బాగా రాలేదు గానీ అన్నీ నల్లటి వృత్తంలోనే ఉన్నాయి. మా సీనియర్ కొట్టినవైతే ఒకదాన్నొకటి ముట్టుకుంటూ పడ్డాయి, ఆయన ఏమీ అనకుండా రైఫిల్ నా చేతికిచ్చి టీకి పోయారు.

ఇప్పుడు మిగిలింది వారంటీ. రైఫిల్ వాళ్ళ దగ్గర పడి ఉన్న రోజుల్ని కూడా కంపెనీ వారంటీలోనే లెక్కేస్తోంది. ఆ రోజులు తీసేసి కొత్త తేదీ రాసివ్వమని అడిగాను, "పై అధికారికి పంపాం సార్" అన్నారు. ఇంకా రాలేదు.