చవుడు మిద్దె, టాబో గుడి

టాబో గుడి మట్టి కప్పు వానకి కారితే ఎలా అని నేనంటే, "పైన నాలుగు రేకులు పడేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా వదినా" అనేసి మా మరిది హాయిగా పడుకున్నాడు. నిద్ర పట్టంది నాకు. వాళ్ల టూరులో టాబో ఒక పూట మజిలీ, అంతే. లోపల ఫోటోలు తీయనివ్వరంటే అదో అలక.

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, సుమారు 3,280 మీటర్ల ఎత్తున, పడమటి టిబెట్ గూగే రాజ్యపు రాజు యేషే-ఓ 996లో కట్టించిన బౌద్ధ గుడి అది. బయటికి ఉత్త మట్టి గోడలు. లోపల కళ్లు చీకటికి అలవాటుపడ్డాక గోడల మీద మనిషెత్తు మట్టి విగ్రహాలు, వాటి చుట్టూ బొమ్మలు కనబడతాయి. తడి సున్నం మీద వేసినవి కావు, ఆరిన మట్టి పూత మీద జిగురు రంగులు. నీరు దిగితే రంగు కరుగుతుంది, కప్పు మట్టి చారలుగా బొమ్మల మీదికి జారుతుంది, ఆరాక ఉప్పు పొంగి పూత పొలుసులు లేస్తుంది.

ఆ కప్పు అచ్చం మా జేజి వాళ్ల చవుడు మిద్దే. దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, పైన కొమ్మలు, ఆపైన మట్టి. వానలకు ముందే చవుడు, అంటే ఉప్పు మట్టి, తోలించి పరవాలి. కారితే గోనెపట్ట కప్పుకుని వానలోనే ఎక్కి, ఎలుక బొక్క వెతికి, చవుడు కుక్కి తొక్కాలి. లోపల కారే చోటు పైనే బొక్క ఉండదు, నీళ్లు దంతె వెంబడి పాకి ఎక్కడో కారతాయి. ఏటా కొత్త మట్టే పోస్తూ పోతే బరువుకి దూలం వంగుతుంది, వంగిన చోట నీళ్లు నిలుస్తాయి. పాతది గీకి తీశాకే కొత్తది. ఈ ముక్క ఎవరూ వినరు.

స్పితిలో వాన తక్కువ కాబట్టి సరిపోయింది. పొడి మంచును కరగకముందే పారతో తోసేస్తారు. గోడ పక్కనే వదిలారా, ఆ చెమ్మ మొదట్లోంచి పైకి పాకుతుంది. రేకులంటారా, గాలికి లేస్తాయి. బిగించాలంటే పాత గోడలో మేకులు. అడుగున చెమ్మ పట్టి బొట్లు. చూరు నీళ్లన్నీ గోడ మొదట్లోకే.

అయితే ఇంత టైపు చేశాక ఒకటి తడుతోంది. ఇప్పుడక్కడ మంచు పడాల్సిన చోట వానే పడుతోందట. గంటల తరబడి కురిస్తే ఏ మట్టీ ఆగదు. గోడని ముట్టకుండా విడి స్తంభాల మీద, గాలి ఆడేలా, చూరు దూరంగా వచ్చేలా వేస్తేనో? చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది. బొమ్మలు తడవవు. మరిది అన్నదీ దాదాపు ఇదే, చచ్చినా ఒప్పుకోను.

జనవరిలో మనాలి మీదుగా వెళ్తాడట! ఆ దారిలో స్పితికి దాటాల్సిన కుంజుం కనుమ అప్పుడు మూసి ఉంటుంది, సిమ్లా, కిన్నౌర్ దారే గతి. ఇది మాత్రం పొద్దున్నే చెప్పాలి.