క్యాలెండరు గడిలో నాన్న సంతకం

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టు లెక్కలు ముప్ఫై ఏళ్లు రాశారు. ఆయన అంకెలు అచ్చు గుద్దినట్టు ఉండేవి. రెండేళ్ల కిందట వేసవిలో, పాల లెక్క రాసే క్యాలెండరు మీద ఆ అంకెలు గడి దాటి కిందికి జారసాగాయి. వయసు మీదపడుతోంది కదా అనుకున్నాను. పగలంతా కునికిపాట్లు పడి, రాత్రి రెండు గంటలకు లేచి వీధి తలుపు గడియ తీయబోయినప్పుడు కూడా అదే అనుకున్నాను. కాలేయం గట్టిపడి పాడయ్యే సిర్రోసిస్ జబ్బు ఉందని తెలిసి ఏడాదైనా, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని మాకు తోచలేదు. దగ్గరలోని డాక్టరు నిద్ర మాత్ర రాశారు. మూడో రోజు నాన్న అమ్మను చూసి, "ఎవరి కోసం వచ్చారమ్మా?" అని మర్యాదగా అడిగారు.

కొత్తపేటలోని ఆస్పత్రికి పరుగెత్తాం. లివర్ డాక్టరు నాన్న చేతులు ముందుకు చాపించి, మణికట్టు దగ్గర వెనక్కి వంచి అలాగే ఉంచమన్నారు. అరచేతులు నిలవలేదు. పక్షి రెక్కల్లా వాలుతూ లేస్తూ ఉన్నాయి. 100లోంచి ఏడు చొప్పున తీసివేస్తూ వెళ్లమన్నారు. నాన్న తొంభై మూడు దగ్గర ఆగిపోయారు. బస్తాల తూకాలు నోటితోనే కూడిన మనిషి! నేను అక్కడ ఉండలేక వరండాలోకి వచ్చేశాను.

దాన్ని హెపాటిక్ ఎన్‌కెఫలోపతి అంటారట. పేగుల్లో తయారయ్యే అమ్మోనియాను మంచి కాలేయం యూరియాగా మారుస్తుంది. పాడైన కాలేయం ఆ పని సరిగా చేయలేక వదిలేస్తే అది రక్తంలో కలిసి మెదడుకు చేరి మతి తప్పిస్తుంది. నాన్నకు అప్పటికి నాలుగు రోజులుగా మలబద్ధకం, దానికి నిద్ర మాత్ర తోడైంది. మద్యం వాసనే ఎరుగని మనిషి ఆయన. షుగరు, కాలేయంలో పేరుకున్న కొవ్వు తెచ్చిన జబ్బు ఇది. చూడవచ్చిన వాళ్లు "తాగుడా?" అని గుసగుసలాడితే అమ్మ ఎంత కుమిలిపోయిందో నాకు తెలుసు.

ఎనిమా ఇచ్చి, అమ్మోనియాను విరేచనంతో బయటికి పంపే లాక్టులోజ్ సిరప్ పట్టించారు. రెండో రోజు సాయంత్రం కళ్లు తెరిచి, "అమ్మ అన్నం తిన్నదా?" అన్నారు.

అసలు పని ఇంటికి వచ్చాక మొదలైంది. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం కావాలి. తక్కువైతే లాక్టులోజ్ పెంచాలి, నీళ్లలా ఎక్కువసార్లు అయితే తగ్గించాలి. ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినా మళ్లీ మతి తప్పుతుంది. కూతురితో ఆ మాట చెప్పాలంటే నాన్నకు సిగ్గు. అందుకే క్యాలెండరు గడిలో ఆయనే గీతలు పెట్టడం మొదలుపెట్టారు. పేగుల్లో అమ్మోనియా తయారుచేసే బాక్టీరియాను తగ్గించే రిఫాక్సిమిన్ 550 మిల్లీగ్రాముల మాత్ర రెండు పూటలా వేస్తున్నాం.

పప్పు, గుడ్లు మాన్పించమని బంధువులు పట్టుబట్టారు. డాక్టరు ససేమిరా మాన్పించవద్దన్నారు. అమ్మోనియాను కొంత కండరాలు కూడా తీసుకుంటాయి కాబట్టి కండ కరగకూడదు, కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నారు. రాత్రంతా కడుపు ఖాళీగా ఉండకూడదని అమ్మ పడుకునేముందు పాలల్లో అటుకులు వేసి ఇస్తోంది. నాన్న ఏకాదశి ఉపవాసాలు కూడా మానేశారు.

రోజూ పొద్దున ఆయన చేత గడిలో సంతకం పెట్టిస్తాను. పోయిన నెల ఒకరోజు పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయారు. మధ్యాహ్నంలోపే ఆస్పత్రిలో ఉన్నాం. ఒంట్లో చేరిన నీరు తగ్గించే మాత్రల వల్ల రక్తంలో పొటాషియం పడిపోయిందట. ఆ గడి ఖాళీగానే ఉంది. దాని తర్వాతి గడిలో మూడు గీతలు, కాస్త వంకరగా నాన్న సంతకం.