చీమల పుట్ట అనుకుని తొక్కేయబోయాను

పొద్దున మొక్కలకి నీళ్లు పోస్తుంటే గట్టినేల మీద చిన్న మట్టి కుప్ప, మధ్యలో పెన్సిల్ పట్టేంత కన్నం. చీమలేలే అని కాలితో చదును చేయబోయా. లోపల్నుంచి ఓ తేనెటీగ బుల్లి ముఖం తొంగిచూసి, నన్ను చూడగానే వెనక్కి జారిపోయింది! అక్కడే గొంతుక్కూర్చున్నా. కాసేపటికి బయటికొచ్చి, కన్నం మీద రెండు చుట్లు కొట్టి ఎగిరిపోయింది. ఆ చుట్లు ఆనవాళ్లు గుర్తుపెట్టుకోడానికట. నాకేం తెలుసు, పక్కనున్న బకెట్ తీసేశా. వెనక కాళ్ల నిండా పుప్పొడితో తిరిగొచ్చి, పాపం, ఇల్లు దొరక్క ఒకటే వెతుకులాట. బకెట్ మళ్లీ అక్కడే పెడితే నేరుగా దూరిపోయింది.

మైనింగ్ బీలట ఇవి, అంటే నేల తవ్వి గూడు చేసుకునే తేనెటీగలు. ఆండ్రీనా అనే ఒక్క ప్రజాతిలోనే 1,500 పైచిలుకు జాతులు. చాలావాటిని ఫొటో చూసి పోల్చుకోలేం, మైక్రోస్కోప్ కింద పెట్టాల్సిందే. వీటిని పట్టించుకునేవాళ్లు తక్కువ అంటే ఆశ్చర్యమేముంది!

రాణి లేదు, కూలీలు లేరు, తేనెపట్టూ లేదు. ఎవరి ఇల్లు వాళ్లే తవ్వుకోవాలి. లోపలి గదుల గోడలకి తన ఒంట్లోంచి ఊరే ద్రవంతోనే పూత, చెమ్మ దిగకుండా. గదికో పుప్పొడి ఉండ, మకరందంతో కలిపి. దాని మీద ఒక్క గుడ్డు. గది మూసేస్తుంది. పిల్లలు రెక్కలొచ్చి బయటపడేసరికి తల్లి ఉండదు. దీనికి తోడు నొమాడా అనే దొంగ తేనెటీగలు, కోకిలల్లాగే, వీటి గదుల్లో గుడ్లు పెట్టి పోతాయి. ఇంత కష్టం వాటి పాలు!

సాయంత్రం మళ్లీ వెళ్లి చూశా. కన్నం మట్టితో మూసేసి ఉంది. బకెట్ మాత్రం ఇంకా కదపలేదు.