మా బాపు ఒక్కడే, చీటీలు మూడు (నా అనుభవం)

మా బాపును కల్తీ కల్లు నుంచి బయటికి లాగే పని ఇప్పుడిప్పుడే ఒక దారికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఇంకో నెల ఆగితే "పోనీలే, వాళ్ళ తిప్పలు వాళ్ళవి" అనేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

మాది ఉత్తర తెలంగాణలో ఒక మండలం. నేను మీసేవలో పని చేస్తాను. కాబట్టి కాగితాలంటే భయం లేదు, కౌంటర్ వెనక కూర్చున్నవాళ్ళు ఎలా ఆలోచిస్తారో కూడా తెలుసు. అయినా నన్నే ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించారంటే, చదువు రానివాళ్ళ గతి ఏంటో మీరే చూసుకోండి.

కల్లు అనగానే చాలామందికి పొద్దున్నే చెట్టు మీంచి దింపిన ముంత గుర్తొస్తుంది. మా దగ్గర దుకాణంలో సీసాల్లో పోసేది అది కాదు. ఊరి చుట్టూ మిగిలిన నాలుగు ఈతచెట్లు అంతమందికి రోజూ ఎక్కడ సరిపోతాయి? నీళ్ళు పోస్తారు, తీపికి శాక్రిన్ వేస్తారు, నిషాకు ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఎక్సైజ్ వాళ్ళు దాడులు చేసినప్పుడల్లా పట్టుబడేవి ఇవే. ఆల్ప్రజోలం అంటే ఆందోళన తగ్గడానికి డాక్టర్ చీటీ మీద మిల్లీగ్రాముల లెక్కన ఇచ్చే మాత్ర. అంటే మా బాపు ఇన్నేళ్ళూ కల్లు తాగుతున్నా అనుకుంటూ నిద్రమాత్రలు తాగాడు, అది కూడా ఎంత మోతాదో తాగినవాడికీ తెలియదు, పోసినవాడికీ తెలియదు.

ఈ మందులు మెదడును అణచి ఉంచుతాయి. ఒక్కసారిగా ఆగిపోతే, నొక్కి పట్టిన స్ప్రింగు మీంచి చెయ్యి తీసినట్టు అవుతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేని మనుషులు కనిపించడం, ఫిట్స్. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎలా పోటెత్తారో గుర్తుందా, అదంతా ఇదే.

మా బాపు రైస్ మిల్లులో హమాలీ. షుగర్, బీపీ ఎప్పట్నుంచో ఉన్నాయి. మా ఊరి దుకాణాన్ని సీల్ చేశారు. మేం సంతోషపడ్డాం, మా అమ్మయితే బీడీల చాట పక్కన పెట్టి దేవుడికి దండం పెట్టుకుంది. రెండో రోజుకల్లా బాపు దుప్పటి మీద కనపడని దారాలు ఏరడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క దారం పట్టుకుని, మెల్లగా లాగి, వేళ్ళకు చుట్టుకుని, "ఇది పట్టుకో బిడ్డా, తెగుతది" అని నా చేతికి ఇస్తాడు. నేనూ తీసుకున్నా, ఏం చేస్తాం. ఆ సాయంత్రమే ఫిట్స్ వచ్చాయి.

ఊళ్ళో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టాడు. 108 తొందరగానే వచ్చింది, వాళ్ళకు దండం. క్యాజువాలిటీలో ఇంజక్షన్ ఇవ్వగానే ఫిట్స్ ఆగాయి, తలకు స్కాన్ తీశారు, ఏమీ లేదన్నారు. ఇంతవరకూ ఎవరినీ ఒక్క మాట అనను.

అసలు కథ తెల్లారాక మొదలైంది. ఏ ఆసుపత్రో చెప్పను, పెద్దదే. మెడికల్ వార్డు డాక్టర్ షీటు చూసి, "ఇది కల్లు కేసు, మాది కాదు, సైకియాట్రీకి తీసుకుపో" అని చీటీ రాశాడు. సైకియాట్రీ ఓపీ ఇంకో బిల్డింగులో. వీల్‌చైర్ దొరకడానికే గంట. అక్కడ ఉన్న డాక్టర్ బాపును సరిగ్గా చూడకుండానే, "షుగర్ 380 ఉంది కదమ్మా, ఇట్లాంటి పేషెంటును మా వార్డులో ఎట్ల పెట్టుకుంటం, మెడికల్ ఫిట్‌నెస్ తీసుకురా" అని ఇంకో చీటీ. మళ్ళీ మెడికల్. "మత్తు దిగకుండా ఫిట్‌నెస్ ఎట్ల రాస్తరు? ముందు వాళ్ళను మందు మొదలుపెట్టమను." మళ్ళీ సైకియాట్రీ. "మందు మొదలుపెడితే ఊపిరి ఆడకపోతే ఎవరిది బాధ్యత? మెడికల్ వాళ్ళనే అడుగు." మధ్యలో ఎవరో పుణ్యాత్ముడు డీ-అడిక్షన్ అని మూడో గది చూపించాడు, దానికి తాళం వేసి ఉంది, కౌన్సెలర్ ట్రైనింగుకు పోయాడట.

చెప్పుకోవాలంటే ఎవరికి వాళ్ళు చెప్పేది నిజమే. షుగర్ ఎక్కువున్న మనిషికి మత్తు మందు ఇవ్వడం కష్టమే, మత్తు దిగని మనిషి షుగర్ అదుపు చేయడమూ కష్టమే. కానీ ఇద్దరు డాక్టర్లకూ ఫోన్లు లేవా? ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన మాటలన్నీ నేను మోసుకుని తిరగాలా? మీసేవలో నేను ఒక రైతును తహసీల్దార్ ఆఫీసుకూ నాకూ మధ్య ఇట్లా తిప్పితే నా మీద ఎన్ని ఫిర్యాదులు పోతాయో.

అసలు మంట అది కాదు. మధ్యాహ్నం ఫైలు కౌంటర్ దగ్గర ఒకావిడ లేచి నిలబడి, హాలంతా వినపడేలా, "ఓయ్, కల్లు కేసు ఎవరిదమ్మా, కల్లు కేసూ!" అని అరిచింది. చీటీ మీద పేరుంది, వయసుంది, తండ్రి పేరు కూడా ఉంది. వరుసలో వాళ్ళంతా తిరిగి చూశారు. ఒకాయన నవ్వాడు. అప్పటిదాకా అయోమయంలో ఉన్న బాపుకు ఆ మాట మాత్రం ఎట్లా అర్థమైందో, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ప్రయత్నించాడు. వేళ్ళు వణికి ఒక్కటీ పడలేదు. నేను వంగి పెట్టబోతే నా చెయ్యి తోసేశాడు. నేను కౌంటర్ దగ్గరికి పోయి, "మేడం, ఆయన పేరు చీటీ మీద ఉంది, చదవడం రాకపోతే చెప్పండి, నేను చదివి పెడతా" అన్నా. ఫైలు విసిరినట్టే ఇచ్చింది. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని అది అని ఇప్పటికీ అనుకుంటా.

సాయంత్రానికి మెడికల్ వార్డు వరండాలో ఒక మంచం ఇచ్చారు, "అబ్జర్వేషన్" అని. నిద్రకు ఇంజక్షన్ చేశారు, షీటులో ఉంది కదా అని షుగర్ మాత్ర కూడా వేశారు. బాపు మత్తులో ఉండి ఒక్క ముద్ద తినలేదు. అర్ధరాత్రి దాటాక ఒళ్ళంతా చెమటలు, దడ, వణుకు, పిలిస్తే పలకడం తగ్గింది. నర్సును లేపితే, "కల్లు గుంజుతది, అట్లనే ఉంటది, పొద్దున డాక్టర్ వస్తడు" అంది. నాకెందుకో అనుమానమొచ్చింది. నా సంచిలో ఇంటి గ్లూకోమీటర్ ఉంది. వేలు గుచ్చి చూస్తే 52.

అది కల్లు గుంజడం కాదు, షుగర్ పడిపోవడం. ఈ రెంటికీ లక్షణాలు దాదాపు ఒకటే: చెమట, వణుకు, గుండె దడ, అయోమయం. తేడా తెలియాలంటే ఒక స్ట్రిప్ చాలు, 20 రూపాయలు కూడా ఉండదేమో. మీటర్ ఆమె ముందు పెట్టాక పరిగెత్తింది, గ్లూకోజ్ ఎక్కించారు, పావుగంటకు బాపు కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. ఆ అమ్మాయి తప్పని కూడా అనను, వార్డంతటికీ ఒక్కతే ఉంది. షీటు మీద ముందే "కల్లు" అని రాసి పెట్టాక, ఇక ఆ మనిషికి ఏమొచ్చినా కల్లు వల్లే వచ్చిందనుకుంటారు. మీ ఇంట్లో ఇట్లాంటి మనిషికి షుగర్ ఉంటే గ్లూకోమీటర్ లేకుండా ఆసుపత్రికి పోవద్దు. తినకుండా షుగర్ మాత్ర వేయనివ్వద్దు, నర్సు కోప్పడినా సరే డాక్టర్‌ను అడిగి వేయమనండి.

పొద్దున్నే సంతకం పెట్టి తీసుకొచ్చేశాం. మధ్యలో ఒక ప్రైవేటు కేంద్రం చూశాం, బోర్డు మీద "సంపూర్ణ చికిత్స, యోగా, ఆయుర్వేదం, మనశ్శాంతి" అని అన్నీ ఉన్నాయి. మూడు నెలలు మనిషిని చూడటానికి రాకూడదట, ఫోన్ ఇవ్వరట, రాత్రి డాక్టర్ ఉండడట. గొడవ చేస్తే "కొంచెం కట్టేస్తాం" అన్నాడు, నవ్వుతూ. రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమన్నా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 95 ప్రకారం గొలుసులు వేయడం నిషేధం తెలుసా అన్నా. వెంటనే "మేడం ఏం చేస్తారు మీరు?" అని గొంతు మారింది. మీరూ అడగండి. కాగితం అడిగితే కోపం తెచ్చుకునే కేంద్రంలో మనిషిని వదలొద్దు. మా చిన్నాయన కల్లు మాన్పిస్తుందని ఏదో పొడి పొట్లం తెచ్చాడు, పప్పులో తెలియకుండా కలపాలట. దాని మీద ఏముందో రాసి లేదు. బీపీకి, షుగర్‌కు మాత్రలు వేసుకునే మనిషికి చాటుగా ఏ పొడో ఎట్లా పెడతాం? పారేశా, చిన్నాయన ఇంకా మాట్లాడట్లేదు.

చివరికి 14416కు ఫోన్ చేశా. టెలిమానస్ అని మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన ఫోన్ లైను, ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. జనరల్ ఆసుపత్రిలోనే సైకియాట్రీ వార్డు ఉన్న చోటికి పొమ్మని చెప్పింది వాళ్ళే. హైదరాబాద్ పోయాం. అక్కడ చేరడం చెప్పుకోదగ్గంత కష్టం కాలేదు. బాపు కొంచెం తేరుకున్నాడు కాబట్టి తనే సంతకం పెట్టాడు, చట్టం ప్రకారం దాన్ని స్వతంత్ర చేరిక అంటారు. ఆయన ఒప్పుకునే స్థితిలో లేకపోతే నామినీగా, అంటే ఆయన తరఫు మనిషిగా, మనం దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు పరీక్షించాలి, 30 రోజుల వరకు ఉంచుకోవచ్చు.

తేడా ఏంటంటే, అక్కడ బాపు మంచం మీదే ఉన్నాడు, డాక్టర్లే తిరిగారు. సైకియాట్రీ డాక్టరమ్మ ఒక కాగితం రాస్తే మెడిసిన్ డాక్టర్ మర్నాడే వార్డుకొచ్చాడు, ఇద్దరూ మంచం పక్కన నిలబడి ఏ మందు ముందు, ఏది తర్వాత అని వాదించుకున్నారు. ఆ వాదన వింటుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో. ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజిపామ్ మొదలుపెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవడం పద్ధతి. పూటపూటకూ షుగర్ చూసి, తిన్నాకే మాత్ర వేసేవాళ్ళు. సోషల్ వర్కర్ అబ్బాయి అప్పుల గురించి, నిద్ర గురించి, చనిపోయిన మా పెదబాపు గురించి కూర్చుని అడిగాడు. అప్పుడు తెలిసింది, అన్న పోయినప్పట్నుంచీ బాపుకు నిద్ర లేదని, కల్లు పెరిగింది అప్పుడేనని. డిప్రెషన్ అన్నారు, దానికీ మందు ఇచ్చారు, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు.

యోగా కూడా చేయించారు, పొద్దున పూట శ్వాస మీద. యోగాతో కల్లు మానిందని ఎవరైనా అంటే నమ్మను, కానీ రాత్రి గుండె దడ వచ్చినప్పుడు లేచి తిరగకుండా, కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకోవడం బాపుకు అలవాటైంది, అది చిన్న విషయం కాదు. అశ్వగంధ వాడొచ్చా అని నేనడిగితే డాక్టరమ్మ వద్దంది, నిద్రమాత్రతో కలిస్తే మత్తు పెరగొచ్చు, షుగర్ ఇంకా తగ్గొచ్చు అని. ఆయుర్వేదం వాడేవాళ్ళు అల్లోపతి డాక్టరుకు, అల్లోపతి వాడేవాళ్ళు ఆయుర్వేదం డాక్టరుకు అన్నీ చెప్పండి. ఒక నోట్‌బుక్ పెట్టి ఎడమ పేజీలో మందులు, కుడి పేజీలో షుగర్, నిద్ర, తిండి రాయండి. ఎవరు అడిగినా ఆ నోట్‌బుక్ ముందు పెట్టండి, నోటితో చెప్తే వినరు.

ఇప్పుడు డైజిపామ్ సగానికి పైగా తగ్గింది. బాపు మిల్లుకు పోతున్నాడు, బస్తాలు ఎత్తట్లేదు, లెక్క రాస్తున్నాడు. తాగనని ఒట్టు వేయించుకోమని బంధువులంటున్నారు, నేను వేయించుకోలేదు. దుకాణం మళ్ళీ తెరిచారు, అది వేరే సంగతి.

ఒక్కటి మిగిలింది, ఇన్సూరెన్స్. మధ్యలో ఇంకోసారి షుగర్ పడిపోయి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉంచిన బిల్లుకు క్లెయిమ్ పెడితే, డిశ్చార్జ్ కాగితంలో "కల్లు అలవాటు ఉంది" అన్న ఒక్క లైను చూపించి తిరస్కరించారు. పాలసీలో ఎక్స్‌క్లూజన్ 12 అని ఉంటుంది, మద్యం, మత్తు అలవాట్లకూ వాటి పర్యవసానాలకూ డబ్బు ఇవ్వరు. అదే 2017 చట్టం మాత్రం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక జబ్బుల్లోనే లెక్కేస్తుంది, మానసిక జబ్బుకు ఒంటి జబ్బుతో సమానంగా బీమా ఇవ్వాలంటుంది. అయినా షుగర్ మాత్ర వల్ల షుగర్ పడిపోవడానికి, కల్లుకు ఏంటి సంబంధం? కంపెనీకి రాస్తే అదే జవాబు మళ్ళీ పంపారు. హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్‌కు నోట్‌బుక్ జిరాక్సులతో సహా ఫిర్యాదు పెట్టాను. జవాబు వస్తే ఇక్కడే కింద రాస్తా.