అద్దాల దుకాణంలో అగ్గిపుల్ల: పడమటి కిటికీలతో నా అనుభవం

మా పడమటి గదులకు కిటికీలు మార్పించి, బయట ఎండకు అడ్డు కట్టించుకునే పని నిన్నటితో పూర్తయింది. మాది విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో మూడో అంతస్తు. వేసవిలో పొద్దుగూకిన తరువాత కూడా చాలాసేపు పడకగది గోడ మీద చెయ్యి ఆనించలేని ఇల్లు. ఇలాంటి పని తలపెట్టిన వారికి నాలుగు విషయాలు తెలుస్తాయని, అంతకంటే ముఖ్యంగా నా కడుపుమంట కొంత చల్లారుతుందని ఇది రాస్తున్నాను.

కొలతలు తీయించడం ఒక పూటలో అయిపోయింది. భవనం ముందువైపు రూపు మారనంత వరకు అభ్యంతరం లేదని అపార్ట్‌మెంటు సంఘం వారు వెంటనే సంతకం పెట్టారు.

కిటికీల మీద రెండడుగుల సన్‌షేడ్ ఉండగా ఇంకా ఎందుకని బంధువులు అడిగారు. మన ఊరు భారత ప్రామాణిక కాలరేఖకు దగ్గరలోనే ఉంది గనుక గడియారపు సమయానికీ సూర్యుడి సమయానికీ ఇక్కడ పెద్ద తేడా ఉండదు. మే నెలాఖరున సాయంత్రం నాలుగింటికి సూర్యుడు ఇక్కడ సుమారు 33 డిగ్రీల ఎత్తులో, దాదాపు పడమటి దిక్కునే ఉంటాడు. అప్పుడు రెండడుగుల సన్‌షేడ్ నీడ అడుగున్నర కూడా దిగదు. నాలుగడుగుల కిటికీలో మిగిలినదంతా ఎండే. దక్షిణపు కిటికీకి సరిపోయే సన్‌షేడ్ పడమటి కిటికీకి అలంకారం మాత్రమే. లోపల మందపాటి తెర వేసినా, అద్దం దాటి వచ్చిన వేడిలో ఎక్కువ భాగం గదిలోనే ఉండిపోతుంది. ఎండను అద్దానికి అవతలే ఆపాలి, లేదా అద్దమే దానిని వెనక్కి పంపాలి.

ఆ రెండో పని కోసమే నగరంలో పేరున్న ఒక కిటికీల దుకాణానికి వెళ్లాను. అక్కడ మేజా మీద ఒక చెక్కపెట్టె ఉంది. లోపల వేడి బల్బు, ఒకవైపు మామూలు అద్దం, రెండోవైపు వారు అమ్మే రెండు పొరల అద్దం. చెయ్యి పెట్టి చూడమన్నారు, పెట్టాను. తేడా ఉంది, కాదనను. అయితే ఆ బల్బు పంపేది ఎక్కువగా కంటికి కనిపించని పరారుణ కిరణాలను. సూర్యరశ్మి శక్తిలో సగానికి దగ్గరగా కనిపించే వెలుతురే ఉంటుంది. ఉద్యోగకాలమంతా జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. అందుచేత బల్బు సంగతి పక్కన పెట్టి, మీరిచ్చే అద్దానికి ఎస్‌హెచ్‌జీసీ ఎంతో కాగితం మీద చూపించమని అడిగాను. అద్దం మీద పడిన సూర్యతాపంలో ఎంత భాగం లోపలికి వస్తుందో చెప్పే అంకె అది. మామూలు అద్దానికి 0.8కి పైగా ఉంటుంది. ఎండ వేడిని వెనక్కి పంపే మంచి పూత ఉన్న రెండు పొరల అద్దానికి 0.3 చుట్టుపక్కల ఉంటుంది. 2018లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల నిర్మాణ నియమావళి, పైకప్పును మినహాయించి గోడలు, కిటికీల ద్వారా లోపలికి వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదని చెప్పేది కూడా ఈ అంకెను లెక్కలోకి తీసుకునే.

దుకాణంలోని కుర్రాడు నవ్వాడు. "ఏటండీ మాస్టారూ, అంకెలు చూసి అద్దం కొంటారేటి? చెయ్యి పెట్టి చూశారు కదా!" అన్నాడు. కొటేషను కాగితంలో "డబుల్ గ్లాస్, క్లియర్" అని మాత్రమే ఉంది. పూత లేని రెండు పొరల అద్దం గదికీ బయటకీ మధ్య వేడి ప్రసారాన్ని సగానికి తగ్గిస్తుంది కాని, నేరుగా పడే ఎండలో సుమారు 70 శాతాన్ని లోపలికి రానిస్తుంది. పక్కనున్న పాన్‌షాపులో అగ్గిపెట్టె కొనుక్కొచ్చి, పెట్టెలోని అద్దం ముందు ఒక పుల్ల వెలిగించాను. నాలుగు ఉపరితలాలకు నాలుగు మంటలు కనిపించాయి, వాటిలో ఒకటి వేరే రంగులో ఉంది. పూత ఉన్నదనడానికి అది గుర్తు. తరువాత అమ్మకానికి పెట్టిన నమూనా ముందు ఇంకొకటి వెలిగిస్తే నాలుగు మంటలూ ఒకే రంగు. అంటే చూపించేది ఒకటి, ఇచ్చేది ఇంకొకటి.

ఆ మాట గట్టిగానే అన్నాను. యజమాని గదిలోంచి వచ్చి, షాపులో నిప్పు వెలిగిస్తారా అని అందరి ముందు కేకలు వేసి, "రిటైరైన వాళ్లకు పొద్దుపోక వస్తుంటారు, పంపించెయ్" అని కుర్రాడికి చెప్పాడు. సోఫాలో కూర్చున్న కొత్త దంపతులు తలలు దించుకున్నారు. వారు ఆ క్లియర్ అద్దానికే అడ్వాన్సు ఇచ్చి వెళ్లారని తరువాత తెలిసింది. నా విద్యార్థులైతే అరగంటలో పట్టుకునేవారు ఆ మోసాన్ని.

గాజువాకలో ఒక చిన్న వ్యాపారి, అడిగిన వెంటనే అద్దం తయారీ కంపెనీ పట్టిక తెచ్చి ముందుంచాడు. ధర కూడా తక్కువే. ఎవరి దగ్గరైనా సరే, ఎస్‌హెచ్‌జీసీ, అద్దం లోపలికి రానిచ్చే వెలుతురు శాతం రెండూ కొటేషనులోనే రాయించుకోండి. రాయనన్నవాడితో బేరం చెయ్యకండి. సముద్రపు ఉప్పుగాలి ఉన్న ఊరు గనుక స్క్రూలు, బందులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. జారుడు కిటికీ సగమే తెరుచుకుంటుంది; ఉక్కపోత ఊరిలో గాలి కావాలంటే రెక్కల కిటికీయే మేలు.

డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు బయటి అడ్డే కట్టించండి. నేను నిలువు అల్యూమినియం పలకలు పెట్టించాను. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున మడిచి గొళ్లెం వేసుకునేలా ఉండాలని పట్టుబట్టాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి అద్దాలను ఏం చేసిందో చూసినవారికి కారణం చెప్పనక్కరలేదు.

ఉత్తరపు కిటికీకి కూడా పూత అద్దం వేయించమని బిగించడానికి వచ్చినవాళ్లు అన్నారు. జూన్‌లో సూర్యుడు కాస్త ఉత్తరానికి వాలినా మధ్యాహ్నం దాదాపు నడినెత్తినే ఉంటాడు, దానికి పాత సన్‌షేడ్ చాలు. ఆ కిటికీ మీద రూపాయి కూడా పెట్టలేదు.