ఆ నాలుగు ఆదివారాలు

మాది భీమవరం దగ్గర పల్లెటూరు, తాతల నుంచీ లూథరన్ క్రైస్తవులం. 2023 డిసెంబర్ 3న క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు వారాల ఆగమన కాలంలో మొదటి ఆదివారం, గుళ్ళో అయ్యగారు మొదటి కొవ్వొత్తి వెలిగించి ఇది నిరీక్షణ కొవ్వొత్తి అన్నారు, నా చెవికెక్కితే కదా, బుర్రంతా తుపాను మీదే. నాలుగెకరాల కౌలు సార్వా వరి, సగం కోసి పనల మీదుంది సగం నిలబడి ఉంది. 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది, ఇక్కడ నా చేను మొత్తం పడుకుంది. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, నీళ్ళు లాగవు.

లీటరుకి 50 గ్రాములు ఉప్పు కలిపి పనల మీద కొడితే మొలక ఆగుద్దంటే కొట్టాను, కొంత ఆగింది కొంత మొలిచేసింది. రెండో ఆదివారం గుడికెళ్ళలేదు. అమ్మ పిలిస్తే ఏం మొహం పెట్టుకుని పాటలు పాడమంటావని అరిచాను. ఒక్కతే వెళ్ళొచ్చి అన్నం పెడతా అంది, "బైబిల్లో జెకర్యా యాజకుడైయ్యుండీ, బిడ్డ పుడతాడన్న దూత మాట నమ్మలేదురా, నోరు పడిపోయింది, అయినా బిడ్డ పుట్టడం ఆగిందా?" నేను మాట్లాడలేదు.

(మా ఆవిడది నరసాపురం, బ్రదరన్ సంఘం వాళ్ళు, వాళ్ళకి ఈ ఆగమనం కొవ్వొత్తులు ఏవీ ఉండవు, మీకు నాలుగు వారాల ముందే హడావిడి అని ఆటపట్టిస్తది. ఆ ఏడు ఏమీ అనలేదు.)

ఇక రోడ్డు మీద ఆరబోత. తేమ 17 శాతానికి దిగితేగానీ మద్దతు ధర రాదు, ఆ ఏడు క్వింటా 2183. పొద్దున పరచడం, కాళ్ళతో తిరగేయడం, మంచు పడకముందే పోగేసి బరకం కప్పడం, రాత్రి పక్కనే మంచం. గింజ పంటికింద పెడితే టక్కుమనాలి, రోజూ కొరికి చూసేవాణ్ణి, మెత్తగా నలిగేది. అలా పడుకున్నప్పుడే తట్టింది, విశ్వాసము నిరీక్షణ ప్రేమ అని సండేస్కూల్ నుంచీ వల్లిస్తున్నాం, నిరీక్షణ అంటే మామూలు మాటల్లో ఎదురుచూడ్డమే కదా. నేనేమో ముందు కాస్త ఆశ పుడితే అప్పుడు దేవుడి దగ్గరికెళ్దాంలే అని బిగుసుక్కూర్చున్నా, ఈ బరకం పక్కన రాత్రుళ్ళు చేస్తున్నదేంటి మరి?

మూడో వారం ఓ రాత్రి క్యారల్స్ వాళ్ళు ఇళ్ళన్నీ తిరిగి రోడ్డు మీదకే వచ్చేశారు, కుప్పల మధ్య నిలబడి డోలక్కుతో పాట ఎత్తుకున్నారు. ఫ్లాస్కులో అడుగున ఉన్న టీ ఇద్దరికి పోశాను, రెండో చరణానికి నేనూ పాడుతున్నా, ఎప్పుడు మొదలెట్టానో తెలీదు.

నాలుగో ఆదివారం సరిగ్గా 24నే పడింది, పొద్దున నాలుగో కొవ్వొత్తి, రాత్రికి క్రిస్మస్ ఆరాధన. ధాన్యం డబ్బులు ఇంకా పడలేదు, రంగు మారిన బస్తాలు పది వసారాలోనే ఉన్నాయి. సాయంత్రం అమ్మ నిచ్చెన పట్టుకుంటే డాబా ఎక్కి స్టార్ కట్టాను. బల్బు వెలగలేదు. దిగి బండి తీసి షాపుకెళ్ళాను.